ఉపవాసం సరే, దేనితో పోల్చి?

కాకినాడ

చిరంజీవి చంటికి,

నువ్వు పంపిన వీడియో ఆఖరిదాకా చూశాను. డెబ్భై రెండు గంటలు మంచినీళ్ళ మీద ఉంటే ఒంట్లో పాడైన కణాలన్నీ ఊడ్చుకుపోయి మనిషి కొత్తగా తయారవుతాడని ఆ అబ్బాయి చెప్పే తీరు ముచ్చటగానే ఉంది. నా అభిప్రాయం అడిగావు. ఫోన్లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అంటూ మీటింగులోకి వెళ్ళిపోతావు కనక కాగితం మీద పెడుతున్నా. మెడికల్ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్పి రిటైరైనదాన్ని, కొంచెం పొడుగవుతుంది. ఓపిక పట్టు.

ముందు మీ అమ్మ సంగతి. నీ సంగతి నిదానంగా మాట్లాడుకోవచ్చు, అది ఆగదు.

నువ్వు పదహారు గంటలు కడుపు కట్టుకుని అయిదు కిలోలు తగ్గావని చూసి మీ అమ్మ కూడా పొద్దుటి టిఫిన్ మానేసింది. శనివారం ఒక్కపొద్దు తను కాపురానికొచ్చినప్పటినుంచీ ఉంటోంది, దాంతో నాకు పేచీ లేదు. ఆ రోజు మాత్ర ఎప్పుడు వేసుకోవాలో వాళ్ళ డాక్టరు చెప్పే ఉన్నారు. ఇప్పుడు జరుగుతున్నది వేరు. రోజూ ఎనిమిదింటికి గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుని పన్నెండున్నరదాకా చక్కెర లేని కాఫీ మీదే ఉంటోంది. మొన్న పదకొండింటప్పుడు నాతో ఫోన్లో మాట్లాడుతూ మాట తడబడింది. ఒకటే చెమటలు, చేతుల్లో వణుకు, గుండె దడ. "ఎండకి నీరసం వదినా" అంది. గ్లాసుడు నీళ్ళలో మూడు నాలుగు చెంచాల పంచదార కలుపుకుని తాగమని, ఫోను పెట్టకుండా లైన్లో ఉన్నాను. పావుగంటకి గొంతు మామూలైంది. అది ఎండా కాదు, నీరసమూ కాదురా. షుగర్ పడిపోయింది.

గ్లిమిపిరైడ్ చేసే పని క్లోమాన్ని తట్టి ఇన్సులిన్ వదిలించడం. మనిషి తిన్నదా లేదా అన్నది అది చూడదు. రంజాన్ ఉపవాసాల మీద 2001లో 13 దేశాల్లో ఒక పెద్ద పరిశీలన జరిగింది, షుగర్ ఉన్న ముస్లింలు పన్నెండు వేలమందికి పైగా అందులో ఉన్నారు. టైప్-2 వాళ్ళలో, ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సినంతగా షుగర్ పడిపోవడం మామూలు నెలలకంటే ఆ నెలలో ఏడున్నర రెట్లు పెరిగింది. అంకె చిన్నదే, వందమందికి నెలకి మూడు. ఆ మూడింట్లో ఒకటి మన ఇంట్లో జరిగితే చిన్నదనుకోలేం. అందుకే ఇప్పుడు షుగర్ డాక్టర్లు రంజాన్‌కి ముందే పేషెంట్లని పిలిచి మోతాదు తగ్గించడం, పొద్దుటి మాత్రని ఇఫ్తార్ వేళకి మార్చడం చేస్తారు. వాళ్ళకిది కొట్టినపిండి. మన ఏకాదశులకి, ఒక్కపొద్దులకి, యూట్యూబు ఉపవాసాలకి మాత్రం డాక్టర్ని అడగాలని ఎవరికీ తోచదు.

ఇంకొకటి. మీ అమ్మ మందుల చీటీలో డాపాగ్లిఫ్లోజిన్ గానీ ఎంపాగ్లిఫ్లోజిన్ గానీ ఉందేమో చూడు. ఆ జాతి మాత్రలు వేసుకుంటూ పస్తులున్నా, అన్నం చపాతీ పూర్తిగా మానేసినా రక్తంలో కీటోన్ ఆమ్లాలు ప్రమాదకరంగా పేరుకోవచ్చు. మామూలుగా అలాంటప్పుడు షుగర్ బాగా ఎక్కువ చూపిస్తుంది. ఈ మాత్రలతో అలా చూపించకపోవచ్చు కనక ఎవరూ గుర్తుపట్టరు. వాంతి వచ్చినట్టుండి, ఆయాసపడుతుంటే గ్లూకోమీటరు చూసి ఊరుకోకూడదు. కాబట్టి రేపటినుంచి మీ అమ్మ టిఫిన్ తింటుంది. తను మానతానంటే ముందు డాక్టరు దగ్గర మాత్రల లెక్క మార్పించుకుని రావాలి. కోడలు పిల్ల పాలిస్తోంది కదా, దాన్నీ ఇందులోకి లాగకు.

ఇక నీ కథ. అయిదు కిలోలు తగ్గావు, సంతోషం. ఆ ఘనత అంతా గడియారానికి కట్టబెట్టావు. మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది దాకానే తింటున్నావు కనక తగ్గావని నీ నమ్మకం. గంటలు మారిన మాట నిజమే. వాటితోపాటు ఇంకేం మారాయో లెక్కపెట్టావా? రాత్రి పదకొండింటికి అమెరికా కాల్ అయ్యాక యాప్‌లో తెప్పించుకునే బిర్యానీ పోయింది. ఆఫీసులో పొద్దుటి రెండు చక్కెర టీలు, వాటితో వచ్చే బిస్కట్లు పోయాయి. శుక్రవారం సాయంత్రాల సంగతి నాకు తెలియదనుకోకు, అవీ ఎనిమిది దాటితేనే మొదలయ్యేవి కనక పోయాయి. మరి నిన్ను తగ్గించింది గడియారమా, బిర్యానీ రాకపోవడమా? ఒక్క మనిషి మీద చేసిన ప్రయోగంలో ఇది తేలదు. తేలాలంటే నీలాంటివాడే ఇంకొకడు అవే తక్కువ కేలరీలు రోజంతా పరుచుకుని తినాలి, అప్పుడు మీ ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి తూచాలి. ఉపవాసం గురించి ఎవరేం చెప్పినా నేను అడిగేది ఇదే. దేనితో పోల్చి చెబుతున్నావు?

ఇలా పోల్చి చూసినవాళ్ళు ఉన్నారు. చైనాలో గ్వాంగ్‌జౌ నగరంలో 139 మంది స్థూలకాయులని తీసుకుని రెండు జట్లు చేశారు. అందరికీ కేలరీలు ఒకేలా కోశారు. మగవాళ్ళకి రోజుకి 1500 నుంచి 1800, ఆడవాళ్ళకి 1200 నుంచి 1500. ఒక జట్టు పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు లోపలే తినాలి, రెండో జట్టుకి వేళ నిబంధన లేదు. తిన్న ప్రతిదాన్నీ ఫొటో తీయించారు, వేళ రాయించారు. ఏడాది పాటు నడిపారు. వేళ పాటించినవాళ్ళు సగటున 8 కిలోలు, పాటించనివాళ్ళు 6.3 కిలోలు తగ్గారు. ఆ మాత్రం తేడా కాకతాళీయంగానూ రావచ్చునని గణాంకాలు చెప్పాయి. నడుము చుట్టుకొలత, షుగర్, బీపీ అన్నింట్లోనూ ఇదే తంతు. 2022లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. రెండు జట్లూ తగ్గాయన్నది మరిచిపోకు. ఉపవాసం పనిచెయ్యదని ఆ పేపరు అనలేదు, అదే తక్కువ తిండి వేళాపాళా లేకుండా తిన్నా దాదాపు అంతే పనిచేస్తుందంది.

దానికి రెండేళ్ళ ముందు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంకో ప్రయోగం జరిగింది. అచ్చం నువ్వు చేస్తున్నదే, మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది. 116 మంది, పన్నెండు వారాలు. ఈసారి కేలరీల మాటే ఎత్తలేదు, ఆ ఎనిమిది గంటల్లో నీ ఇష్టం అన్నారు. రెండో జట్టుకి మూడు పూటలా వేళకి తినమన్నారు. ఉపవాసం జట్టు తగ్గింది 0.94 కిలో, మూడు పూటలవాళ్ళు 0.68 కిలో. పావు కిలో తేడా! పైగా కొంతమందిని స్కాన్ చేసి చూస్తే పోయిన బరువులో దాదాపు మూడింట రెండు వంతులు కొవ్వు కాదు, కండ సంబంధమైనది. దానికి పెద్ద ఈథన్ వైస్ అనే గుండె డాక్టరు. ఆయన అప్పటికి చాలా ఏళ్ళుగా తనే ఇలా ఉపవాసం ఉంటున్న మనిషి. లెక్కలు చూసుకున్నాక తన ఉపవాసం తనే మానేశాడు. ఆ వీడియో అబ్బాయిలో నాకు కనపడనిది ఈ గుణమే.

రోజు విడిచి రోజు పస్తుండే పద్ధతినీ షికాగోలో ఏడాది పాటు వందమందితో చూశారు. పస్తుల జట్టు 6 శాతం, రోజూ కొంచెం తగ్గించి తిన్న జట్టు 5.3 శాతం బరువు తగ్గింది. మధ్యలో మానేసినవాళ్ళు మాత్రం పస్తుల జట్టులోనే ఎక్కువ, నూటికి 38 మంది. రెండో దాంట్లో 29. వారానికి రెండు రోజులు తక్కువ తినే పద్ధతి గుర్తుందా, బీబీసీలో మైకేల్ మోస్లీ 2012లో చూపించాక ఇంగ్లండంతా ఊగిపోయింది? అదీ అంతకుముందే మాంచెస్టర్‌లో 107 మంది ఆడవాళ్ళతో చేసి చూస్తే బరువు దగ్గర సమఉజ్జీగానే తేలింది. 2025లో 99 ప్రయోగాలని ఒకచోట చేర్చి లెక్కగట్టారు. రోజు విడిచి రోజు పస్తు ఒక్కటే మామూలు డైటింగుకంటే సుమారు 1.3 కిలోలు ముందుంది, అదీ ఎక్కువగా తక్కువకాలం నడిచిన ప్రయోగాల మీద వచ్చిన అంకె.

అయితే ఈ గంటల పిచ్చి ఎక్కడినుంచి వచ్చిందంటావు. ఎలుకలనుంచి. నేను ఎగతాళి చెయ్యడం లేదు, అది నిజంగా గొప్ప ప్రయోగం. ఒడిశా నుంచి వెళ్ళిన సచ్చిదానంద పండా కాలిఫోర్నియా సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో 2012లో చేశారు. ఒకే కొవ్వు మేత, ఒకే కేలరీలు. కొన్నింటికి ఇరవై నాలుగు గంటలూ మేత అందుబాటులో ఉంచారు, కొన్నింటికి ఎనిమిది గంటలే. మొదటివి లావెక్కి లివర్‌లో కొవ్వు పట్టింది, రెండోవి నాజూగ్గా ఉన్నాయి. చూడు, ఇక్కడ పోలిక సరిగ్గా ఉంది, కేలరీలు సమానం. తేడా గంటలదే. మరి మనుషుల్లో ఎందుకు రాలేదు? చిట్టెలుకకి ఇరవై నాలుగు గంటలు మేత లేకపోతే ఒంటి బరువులో పదో వంతుకు పైగా పోతుంది. దాని ఆయుష్షే రెండు మూడేళ్ళు. దాని పదహారు గంటలూ నీ పదహారు గంటలూ ఒకటెలా అవుతాయి?

కణాల శుద్ధి మాటా ఇంతే. జపాన్‌లో యోషినోరి ఓసుమి 2016లో నోబెల్ అందుకున్నది దీనికే, వీడియోలో ఆ మాట తప్పు చెప్పలేదు. ఆయన పస్తు పెట్టింది ఈస్టుని, మనం బ్రెడ్డులో వాడే ఈస్టునే. కణంలో పాత సరుకుని అరగదీసే సంచి ఒకటుంటుంది. ఆ అరుగుదల ఎంజైములు లేని రకం ఈస్టుని ఎంచుకుని, ఆహారం ఆపి మైక్రోస్కోపు కింద పెట్టాడు. లోపలికి వచ్చిన సరుకు అరగక ఆ సంచి చిన్న చిన్న బుడగలతో నిండిపోవడం కంటికి కనపడింది. ఎంత తెలివైన ఎత్తు! తర్వాత ఆ పనికి కావలసిన జన్యువుల్ని ఒక్కొక్కటే పట్టుకున్నాడు. ఈ శుద్ధి మన ఒంట్లోనూ ఉంది, తిన్నా తినకపోయినా అన్నివేళలా జరుగుతూనే ఉంటుంది, పస్తుంటే పెరుగుతుంది. ఎలుకల్ని పరిగెత్తిస్తే వ్యాయామంతోనూ పెరిగింది. కానీ బతికున్న మనిషి లివర్‌లో, మెదడులో అది ఎంత జరుగుతోందో కొలిచే సులువైన పరీక్ష లేదు. అలాంటప్పుడు పదహారో గంటకి మొదలవుతుంది, నలభై ఎనిమిదో గంటకి మూడింతలు అవుతుంది అని గంటలు కట్టి పట్టిక గీసినవాడు దాన్ని ఏ మీటరుతో కొలిచాడట?

తినకపోతే ఒంట్లో జరిగే వరస మాత్రం బాగా తెలిసినదే. హార్వర్డ్‌లో జార్జ్ కేహిల్ 1960ల్లో మనుషుల మీదే తేల్చాడు. లివర్‌లో దాచిన వంద గ్రాముల గ్లైకోజెన్ సుమారు ఒక రోజులో అయిపోతుంది. ఇన్సులిన్ తగ్గుతుంది, కొవ్వు కరిగి బయటికి వస్తుంది, లివర్ దాన్ని కీటోన్లుగా మారుస్తుంది, రోజులు గడిచేకొద్దీ మెదడు వాటితో నడవడం నేర్చుకుంటుంది. ఆ లోపల మెదడుకి కావలసిన గ్లూకోజు కోసం కొంత కండ కూడా కరుగుతుంది. మొదటి మూడు రోజుల్లో తూకంలో పోయేదాంట్లో పెద్ద భాగం నీళ్ళే. గ్లైకోజెన్ తనతో నీళ్ళు పట్టుకుని ఉంటుంది, అది పోతే ఇవీ పోతాయి. నాలుగో రోజు అన్నం తినగానే రెండూ తిరిగొస్తాయి. మూడు రోజులకి నీకేదో అయిపోతుందని నేను భయపెట్టను. అంత కష్టపడి నువ్వు మిగుల్చుకునేదేమిటో చెప్పమంటున్నా. పైగా అరవయ్యో గంటకి బండేసుకుని గచ్చిబౌలి ఫ్లైఓవర్ ఎక్కుతావు, ఆ సమయంలో కళ్ళు తిరిగితే?

వీడియోలో చెప్పిన, 382 రోజులు పస్తున్న మనిషి కథ నిజమే. ఆంగస్ బార్బియేరీ, స్కాట్లండ్. 1965-66లో 207 కిలోలనుంచి 82 కిలోలకి దిగాడు. కానీ డండీలో ఆస్పత్రివాళ్ళు ఆయన రక్తం, మూత్రం పరీక్షిస్తూ విటమిన్లు, కొన్నాళ్ళు పొటాషియం ఇచ్చిన సంగతి వీడియోలో లేదు. ఆయన ఒంటిలో కరగడానికి నూట పాతిక కిలోలు ఉన్న సంగతీ లేదు. ఆ రోజుల్లో ఇలా పస్తు పెట్టి చికిత్స చెయ్యడం చాలాచోట్ల ఉండేది, ఆస్పత్రి మంచం మీదే కొందరు పోయారు కూడా. 1969లో లాన్సెట్‌లో ఒక యువతి కేసు వచ్చింది. సుదీర్ఘమైన పస్తు ముగించి మళ్ళీ తిండి మొదలుపెట్టాక చనిపోయింది, చూస్తే గుండె కండరం నూలుపోగులు తెగినట్టు తెగి ఉంది. బార్బియేరీని అందరూ తలుచుకుంటారు, ఆ పిల్లని ఎవరూ తలవరు.

ఆయుష్షు పెరుగుతుందనే మాట మీద నీకు మోజు ఎక్కువ కనక కోతుల కథ కూడా చెబుతాను, ఇది నా క్లాసులో పిల్లలకి బాగా నచ్చేది. తక్కువ తిండి పెడితే ఎలుకలు ఎక్కువకాలం బతుకుతాయని కోర్నెల్‌లో మెక్‌కే 1935లోనే చూపించాడు. మనిషికి దగ్గరగా ఉండే ప్రాణిలో చూడాలని అమెరికాలో రెండుచోట్ల రీసస్ కోతుల మీద మొదలుపెట్టారు. 1987లో ప్రభుత్వ సంస్థ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆన్ ఏజింగ్, 1989లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం. రెండుచోట్లా దాదాపు 30 శాతం తిండి కోశారు. కోతి ముసలిదయ్యేదాకా ఆగాలి కదా, ఇరవై ఏళ్ళు ఆగారు. 2009లో విస్కాన్సిన్ వాళ్ళు తక్కువ తిన్న కోతులు వయసు జబ్బులతో పోవడం బాగా తగ్గిందన్నారు. పేపర్లన్నీ పండగ చేసుకున్నాయి. 2012లో రెండోవాళ్ళు మా దగ్గర ఆయుష్షులో తేడా రాలేదన్నారు. ఎవరిది నిజం?

ఇద్దరిదీ నిజమే. 2017లో రెండు బృందాలూ కలిసి కూర్చుని లెక్కలు పక్కపక్కన పెట్టుకున్నాయి. విస్కాన్సిన్ మేతలో నాలుగో వంతుకు పైగా చక్కెర. అక్కడ మామూలు కోతులకి ఆ మేత తిన్నంత పెట్టారు. రెండోచోట మేతలో చక్కెర నాలుగు శాతం లోపే, మామూలు కోతులకి కూడా కొలిచే పెట్టారు. పక్కవాడు తప్పిన పరీక్షలో నలభై మార్కులు తెచ్చుకున్నవాడు ఇంటికొచ్చి ఫస్టొచ్చానన్నట్టు, చక్కెర మేసి ఒళ్ళు చేసిన కోతుల పక్కన తక్కువ తిన్నవి వెలిగిపోయాయి. మితంగా, మంచి మేత తిన్న కోతుల పక్కన ఆ వెలుగు అంతగా కనపడలేదు. మొత్తం మీద తక్కువ తిండి వల్ల ఆరోగ్యం మెరుగేనని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఎంత మెరుగన్నది అంతకుముందు ఎలా తినేవాళ్ళన్నదాన్ని బట్టి ఉంది. నీ అయిదు కిలోల కథకీ దీనికీ పోలిక కనపడుతోందా?

మనుషుల్లో రెండేళ్ళు చేసి చూసిన ప్రయోగానికి కాలెరీ అని పేరు. రెండు వందల పైచిలుకు మంది, లావులేనివాళ్ళు. వాళ్ళలో ఒక జట్టు 25 శాతం తిండి తగ్గించాలని పెట్టుకున్నారు. ఎంతో శ్రద్ధగా ఎంచిన మనుషులు, వెనక కౌన్సెలర్లు, అయినా సగటున తగ్గించగలిగింది 12 శాతమే. ఆ 12 శాతానికే బీపీ, కొలెస్టరాల్, ఇన్సులిన్ లెక్కలు మెరుగయ్యాయి. ఎముకల సాంద్రత కొంచెం తగ్గింది. వాళ్ళ ఆయుష్షు పెరిగిందా అంటే అది చెప్పడానికి రెండేళ్ళు చాలవు కదా.

ఇదంతా విని అత్త ఉపవాసానికి వ్యతిరేకి అని మీ అమ్మకి చాడీలు చెప్పకు. నాకు అనుకూలంగా ఉన్నా సరే నేను వాడుకోని వార్త ఒకటుంది. ఎనిమిది గంటల్లోపు తినేవాళ్ళలో గుండెజబ్బు చావులు 91 శాతం ఎక్కువని 2024 మార్చిలో టీవీలన్నీ మోత మోగించాయి. ఇరవై వేలమంది అమెరికన్లని ఏదో రెండు రోజులు ఏం తిన్నావు ఎప్పుడు తిన్నావు అని అడిగి, ఏళ్ళ తర్వాత చావుల చిట్టాతో జతచేశారు. ఎనిమిది గంటల్లోనే తినే మనిషి కావాలని తింటున్నాడో, జబ్బుతో ఆకలి చచ్చి తింటున్నాడో, రెండు ఉద్యోగాల మధ్య తీరిక లేక తింటున్నాడో ఆ లెక్కకి తెలియదు. దానికీ నాది అదే ప్రశ్న, ఎవరిని ఎవరితో పోల్చారు?

వేళ విషయంలో నాకు ఆశ కలిగించింది ఒకటి ఉంది. అది నువ్వు చేస్తున్నదానికి తలకిందులు. అలబామాలో కోర్ట్నీ పీటర్సన్ బృందం 2018లో షుగర్ అంచున ఉన్న మగవాళ్ళకి, అంటే నీలాంటి వాళ్ళకే, పొద్దున్నే తినడం మొదలుపెట్టి మధ్యాహ్నం మూడు లోపల ఆఖరి భోజనం పెట్టించింది. బరువు తగ్గకుండా చూసుకుని మరీ చేశారు. అయిదు వారాల్లో ఇన్సులిన్ పనితీరు మెరుగైంది, బీపీ తగ్గింది. ఆఖరిదాకా ఉన్నవాళ్ళు ఎనిమిది మందే, కాబట్టి ఎగిరి గంతెయ్యకు. కానీ పొద్దుటిపూట మన ఒళ్ళు చక్కెరని బాగా సర్దుకుంటుందని, రాత్రయ్యేకొద్దీ ఆ శక్తి తగ్గుతుందని వేరే దారుల్లోనూ తెలిసినదే కనక ఇది నమ్మదగ్గదిగా ఉంది. మరి మన కార్తీక సోమవారం నక్తం? పగలంతా ఉండి చుక్క చూశాక భోంచేస్తాం. శరీరశాస్త్రం లెక్కన ఇది ఎదురు వేళ. అందుకని నేను మానలేదు, మానను కూడా. శివుడికోసం ఉండే ఉపవాసానికి ల్యాబు రిపోర్టుతో పనేముంది? చిక్కల్లా రెండూ కలిపి మాట్లాడినప్పుడే. ఏకాదశి ఉపవాసం గొప్ప సైన్సు అంటారు గానీ, ఏకాదశినాడు మా అమ్మ వంటింట్లో పొయ్యి మామూలు రోజుకంటే ఎక్కువసేపు వెలిగేది. సగ్గుబియ్యం ఉప్మా, ఉప్పుడు పిండి, చలిమిడి, అరటిపళ్ళు, పాలు. మీ నాన్నకి ఆ రోజంటే ప్రాణం.

షుగర్ వచ్చినదాన్ని వెనక్కి తిప్పడంలో గట్టి ఆధారం ఎక్కడుందంటే బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్ ప్రయోగంలో ఉంది. షుగర్ వచ్చి ఆరేళ్ళు దాటని 298 మంది. సగంమందికి మూడు నుంచి అయిదు నెలలు రోజుకి 825 నుంచి 853 కేలరీల పానీయాలు మాత్రమే. గంటల నియమం లేదు. ఏడాదికి 46 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ జబ్బు గీత కిందికి దిగింది, రెండో జట్టులో 4 శాతానికే. 15 కిలోలు, ఆ పైన తగ్గినవాళ్ళలో అయితే 86 శాతం మందికి. రెండేళ్ళయ్యేసరికి 46 కాస్తా 36కి దిగింది, బరువు తిరిగొచ్చినవాళ్ళకి షుగర్ కూడా తిరిగొచ్చింది. అక్కడ మొదటి రోజునే షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు డాక్టర్లే ఆపేశారు. తిండి తగ్గితే మాత్ర కూడా ఆ రోజే మారాలని వాళ్ళకి తెలుసు.

నీకు 15 కిలోలు తగ్గేంత ఒళ్ళు లేదు. మన జాతికున్న తిరకాసు అదే. పూనా డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యడ్కిన్ కలిసి తీయించుకున్న ఫొటో ఒకటి 2004లో లాన్సెట్‌లో వచ్చింది. ఇద్దరికీ బీఎంఐ సరిగ్గా 22.3. యడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2. చూడ్డానికి ఇద్దరూ సన్నమే! మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్లు దాటారని, అంచున ఉన్నవాళ్ళు ఇంకో 13.6 కోట్లని ఐసీఎంఆర్ 2023లో చెప్పింది. వాళ్ళలో చాలామంది నీలాగే, చొక్కా వేసుకుంటే బక్కగా, తీస్తే పొట్టతో ఉంటారు. అందుకే నీకు తూకం మిషను చెప్పేది సగం నిజం. నడుము దగ్గర టేపు పెట్టి కొలుచుకో, 90 సెంటీమీటర్లకి తక్కువుండాలి. శాన్‌ఫ్రాన్సిస్కోవాళ్ళకి పోయినట్టు నీ అయిదు కిలోల్లో కండ ఎంత పోయిందో నాకు అనుమానంగా ఉంది. మనకి మొదటే కండ తక్కువ.

నీకు ఇప్పుడున్న పద్ధతి సుఖంగా ఉంటే మానమనను. తక్కువ తినడానికి అదొక దారి, లెక్కలు రాసుకుంటూ తినడంకంటే కొందరికి తేలిక. కానీ తినే గంటల కిటికీని ముందుకు జరుపు. పొద్దున్న ఎనిమిదిన్నరకి రెండు పెసరట్లో, రెండు గుడ్లో తిని బయల్దేరు. రాత్రి భోజనం కాల్ అయ్యాక కాదు, కాల్‌కి ముందు, ఏడింటికల్లా. కాల్‌లో ఆకలేస్తే మజ్జిగ. మధ్యాహ్నం క్యాంటీన్‌లో అన్నం ఒక్కసారే పెట్టించుకుని పప్పు, కూర, చేప ఎక్కువ వేయించుకో. వారంలో మూడు నాలుగు రోజులు బరువులెత్తే వ్యాయామం చెయ్యి, ఆ ఒక్కటీ ఏ పస్తూ ఇవ్వదు. డెబ్భై రెండు గంటల సంగతి కట్టిపెట్టు. అయిదు రోజుల ఉపవాసం కిట్టు అని పెట్టెల్లో అమ్మేవీ నీకొద్దు. వాటి మీద ప్రయోగాలు లేకపోలేదు గానీ, వాటికి మూలపురుషుడైన వాల్టర్ లాంగో ఆ పెట్టెలమ్మే కంపెనీ స్థాపకుడు కూడా. ఆ సంగతి మనసులో పెట్టుకుని చదవాలి.

హెచ్‌బీఏ1సీ 6.1 అని కంగారుపడి నెల తిరక్కుండానే మళ్ళీ చేయించుకున్నావట, 6.0 వచ్చిందని పొంగిపోయావట. ఎర్ర రక్తకణం బతికేది నాలుగు నెలలు. ఆ పరీక్ష చూసేది వాటికి పట్టిన చక్కెరని. కాబట్టి మూడు నెలలకి ముందు చేయిస్తే పాత తిండి లెక్కే ఎక్కువ కనపడుతుంది, 0.1 తేడా అసలు తేడాయే కాదు. సంక్రాంతి వెళ్ళాక, అదే ల్యాబులో చేయించు. మీ అమ్మకి చేయించేటప్పుడు హిమోగ్లోబిన్ కూడా రాయించు, ఐరన్ తక్కువుంటే ఆ అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. రిపోర్టులు ఫొటో తీసి పంపు, పీడీఎఫ్ అయితే నా ఫోన్లో తెరుచుకోవడం లేదు.

ఇట్లు,
మీ అత్త